బేస్‌బాల్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెగ్యులర్ ప్లేయర్‌ని తీసేసి బెంచ్ వాడిని పంపడం ఏం లాజిక్?

స్కోర్‌బుక్_పిచ్చోడు:
చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటున్నా. ఒక రన్ వెనకబడి ఉంటాం, తొమ్మిది ఇన్నింగ్స్‌ల గేములో ఎనిమిదోది, ఇద్దరు బేసుల మీదున్నారు, బ్యాటింగ్‌కి రావాల్సింది సీజనంతా .275 యావరేజ్ (వెయ్యి ఛాన్సుల్లో 275 హిట్లు) దగ్గర కొడుతున్న రైటీ (కుడిచేతివాడు), సరిగ్గా అప్పుడే మేనేజర్ వాడిని కూర్చోబెట్టి .230 కొట్టే లెఫ్టీని (ఎడమచేతివాడిని) బెంచ్ మీంచి లేపుతాడు. ఎందుకయ్యా అంటే అవతల రైటీ పిచ్చర్ అట. వీడేమో రెండు గంటలు డగౌట్‌లో కూర్చుని వచ్చాడు, మూడు పిచ్‌లు చూసి స్ట్రైకవుటై (మూడు స్ట్రైకులతో అవుటై) మళ్ళీ అక్కడికే పోతాడు. గేమ్ పదో ఇన్నింగ్స్‌కి వెళ్తే అప్పుడు అసలు బాధ, తీసేసినవాడు మళ్ళీ రాడు, బయటికి పోతే పోయినట్టే. నాకైతే కన్సిస్టెంట్‌గా కొట్టేవాడే కావాలి, రెండు వారాలు చెలరేగిపోయి నెలరోజులు అడ్రస్ లేకుండా పోయేవాళ్ళ మీద నమ్మకం లేదు. మీరేమంటారు?

నాలుగు_బంతులు:
ముందు కన్సిస్టెంట్ అంటే ఏంటో చెప్పు బ్రో. ఓక్లాండ్‌కి ఆడిన క్రిస్ డేవిస్ గుర్తున్నాడా, 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగు సీజన్లు యావరేజ్ .247, ఒక్క పాయింటు అటూ ఇటూ లేదు. దీనికన్నా కన్సిస్టెన్సీ ఎక్కడ దొరుకుతుంది? అయినా వాడిని ఎవరైనా కన్సిస్టెంట్ హిట్టర్ అన్నారా? అనలేదు, ఎందుకంటే హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) లేదా స్ట్రైకవుట్ టైపు. 2018లో 48 హోమ్‌రన్లతో మొత్తం మేజర్ లీగ్స్‌లో వాడే టాప్.

లెక్క కూడా చూడు. .300 హిట్టర్‌కి గేములో నాలుగు ఛాన్సులొస్తే నాలుగూ ఫెయిలయ్యే అవకాశం 0.7 ని నాలుగుసార్లు గుణిస్తే 24 శాతం, అంటే స్టార్ హిట్టర్ కూడా దాదాపు నాలుగు గేముల్లో ఒకదాంట్లో ఉత్త చేతుల్తో ఇంటికి పోతాడు, అదేం ఫామ్ పోవడం కాదు. .270 వాడు 20 ఎట్‌బ్యాట్లలో (బ్యాటింగ్ ఛాన్సుల్లో) 3 హిట్లు కొట్టొచ్చు 7 కొట్టొచ్చు, రెండూ మామూలే, కానీ మనం మొదటిదానికి చల్లబడ్డాడు అంటాం, రెండోదానికి మంటలు పుట్టిస్తున్నాడు అంటాం. మనిషి అదే, స్వింగ్ అదే.

1941 తీసుకో. డిమాజియో వరసగా 56 గేముల్లో హిట్ కొట్టిన స్ట్రీక్‌లో కొట్టింది .408, టెడ్ విలియమ్స్ సీజన్ మొత్తం మీద .406. ఎంవీపీ (సీజన్ బెస్ట్ ప్లేయర్ అవార్డు) మాత్రం డిమాజియోకి ఇచ్చారు. జనానికి రోజూ ఒక హిట్ కనపడాలి అంతే.

బుల్‌పెన్_గేటు:
పైన చెప్పింది కరెక్టే కానీ అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. లెఫ్టీకి రైటీ పిచ్చర్ బాల్ తొందరగా కనపడుతుంది, స్లైడర్ లోపలికి వస్తుంది, అదే రైటీ బ్యాటర్‌కైతే బయటికి జారిపోతుంది, ఆ తేడా నిజం. నువ్వు చెప్పిన .230 లో లెఫ్టీ పిచ్చర్ల మీద తిన్న దెబ్బలు కూడా కలిసుంటే రైటీల మీద వాడి నంబర్ ఇంకా బాగుండొచ్చు, అది విడిగా చూడాలి.

కాకపోతే ఇంకో విషయం కూడా ఉంది, పించ్ హిట్‌కి (ఇలా ఇంకొకడి బదులు బ్యాటింగ్‌కి) వచ్చినప్పుడు ఎవడైనా తన మామూలు లెవెల్‌ కన్నా తక్కువ కొడతాడు, లెక్కలేసినవాళ్ళకి ఇది మళ్ళీ మళ్ళీ కనపడింది. చల్లగా వస్తాడు, టైమింగ్ ఉండదు, ఎదురుగా ఉండేది వాళ్ళ బెస్ట్ రిలీవర్ (గేము మధ్యలో దిగే పిచ్చర్). కాబట్టి ఇద్దరి మధ్య తేడా కొంచెమే అయితే ఆ లాభం మొత్తం ఇక్కడే ఆవిరి, నీ ఉదాహరణలో నేనైతే మార్చను. తేడా పెద్దదైతే మాత్రం పేరు చూడకూడదు. 2012 డివిజన్ సిరీస్ (ప్లేఆఫ్స్) మూడో గేమ్, యాంకీస్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-1 వెనక, 647 హోమ్‌రన్ల ఏ-రాడ్‌ని (అలెక్స్ రోడ్రిగ్జ్) కూర్చోబెట్టి మేనేజర్ జిరార్డీ 40 ఏళ్ళ రౌల్ ఇబాన్యెజ్‌ని పంపాడు. అవతల ఆ ఏడాది 51 సేవ్‌లు చేసిన (అన్నిసార్లు చివర్లో లీడ్ కాపాడిన) రైటీ జిమ్ జాన్సన్. ఇబాన్యెజ్ లెఫ్టీ, ఆ స్టేడియంలో రైట్ ఫీల్డ్ గోడ దగ్గర. కొట్టి టై చేశాడు, 12వ ఇన్నింగ్స్‌లో ఇంకోటి కొట్టి గేమే ముగించాడు.

స్కోర్‌బుక్_పిచ్చోడు:
హహ ఇది చెప్తారని తెలుసు. అన్నా ఆ రెండో హోమ్‌రన్ ఎవరి మీద? బ్రయాన్ మాటస్, లెఫ్టీ. మీ లాజిక్ ప్రకారం అక్కడ ఇబాన్యెజ్‌ని తీసెయ్యాలి కదా, ఉంచారు, కొట్టాడు. 1988లో పించ్ హిట్‌కి వచ్చిన గిబ్సన్, 1954లో మాంటీ ఇర్విన్ బదులు వచ్చిన డస్టీ రోడ్స్, ఇవి ఎప్పుడూ చెప్తారు. ఫెయిలైన వందల మంది పేర్లు ఎవడికీ గుర్తుండవు.

డగౌట్_మూల:
అది ఒప్పుకుంటా. ఒకే ఒక్క ఎట్‌బ్యాట్ ఫలితం చూసి డెసిషన్ మంచిదా చెడ్డదా అని చెప్పలేం, రెండు వైపులా.

కానీ ఇక్కడ ఎవరూ మాట్లాడని సంగతి, బెంచ్‌లో అసలు మనుషులెక్కడున్నారు? రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) 26 మంది, టీమ్స్ దాదాపు ఎప్పుడూ 13 మంది పిచ్చర్లని పెట్టుకుంటాయి, 9 మంది లైనప్‌లో పోతే మిగిలేది నలుగురు, అందులో ఒకడు బ్యాకప్ క్యాచర్, వాడిని ముందే వాడేస్తే మెయిన్ క్యాచర్‌కి దెబ్బ తగిలినప్పుడు నీ పని గోవిందా. అంటే నిజంగా చేతిలో ఉన్నవి మూడు ముక్కలు. 2022లో డీహెచ్ (పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) రెండు లీగులకీ వచ్చాక పిచ్చర్ బదులు ఈజీగా పించ్ హిట్టర్‌ని పంపే రోజులు పోయాయి, ఇప్పుడు ప్రతిసారీ ఒక అసలైన బ్యాటర్‌నే తీసెయ్యాలి.

అవతలి మేనేజర్ కూడా కూర్చుని చూడడు. నువ్వు లెఫ్టీని అనౌన్స్ చేస్తే వాడు లెఫ్టీ పిచ్చర్‌ని దింపుతాడు, నువ్వు మళ్ళీ మారిస్తే ఇద్దరు ఖర్చు. 2020 నుంచి రిలీవర్ కనీసం ముగ్గురికి వెయ్యాలి లేదా ఇన్నింగ్స్ ముగించాలి అనే రూల్ వచ్చింది కాబట్టి వాడికీ కొంచెం భయముంది. 2018 వరల్డ్ సిరీస్ మొదటి గేమ్‌లో ఇదే చెస్, రెడ్‌సాక్స్ లెఫ్టీ బ్యాటర్ డెవర్స్ వస్తున్నాడని డాడ్జర్స్ లెఫ్టీ ఆలెక్స్ వుడ్‌ని తెచ్చారు, రెడ్‌సాక్స్ మేనేజర్ కోరా వెంటనే డెవర్స్‌ని లాగేసి రైటీ నూన్యెజ్‌ని పంపాడు, త్రీ రన్ హోమ్‌రన్, 5-4 కాస్తా 8-4.

నాలుగు_బంతులు:
దానికి ఒక్క మాట కలుపుతా. యావరేజ్ పక్కన పెట్టి ఆ టైముకి ఏం కావాలో చూడండి. 2023లో అరాయెజ్ .354, సీజన్ మొత్తానికి 34 స్ట్రైకవుట్లు. అదే ఏడాది ష్వార్బర్ .197, 215 స్ట్రైకవుట్లు, కానీ 47 హోమ్‌రన్లు, 126 వాక్‌లు (నాలుగు బంతులు బయటికి పడితే ఫ్రీగా వచ్చే బేస్). ఇద్దరూ నీ బెంచ్‌లో ఉన్నారనుకో (కలలోనే లే), మూడో బేస్ మీద రన్నర్, ఒక అవుట్, ఒక్క రన్ చాలు అంటే అరాయెజ్‌ని పంపు, బాల్ ఎక్కడో చోట పడుతుంది. రెండు అవుట్లు, బేసులు ఖాళీ, ఒక రన్ వెనక అంటే కళ్ళు మూసుకుని .197 వాడినే పంపు, ఎందుకంటే అక్కడ సింగిల్ కొట్టినా ఇంకొకడు కొట్టాలి.

స్కోర్‌బుక్_పిచ్చోడు:
ఇది మాత్రం బాగా చెప్పావ్. అయినా షార్ట్‌స్టాప్‌ని (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్‌ని) తీసేస్తే నాకు ఒళ్ళు మండుతుంది, లీడ్ వచ్చాక తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అక్కడ ఎవడు నిలబడతాడు?

బుల్‌పెన్_గేటు:
అందుకే ముందు బెంచ్‌లో షార్ట్‌స్టాప్ ఆడగలిగేవాడు ఉన్నాడా అని చూసి ఆ తర్వాత పించ్ హిట్టర్ గురించి ఆలోచిస్తారు. వాడు లేకపోతే ఆ .275 వాడు ఎంత చెత్తగా ఆడుతున్నా వాడే కొట్టాలి.