స్క్రాచ్‌లో పోలీస్ ఛేజ్ గేమ్: పోలీసు కారు పట్టేస్తే వెంటనే పట్టేస్తోంది, లేదంటే అసలు అందుకోవట్లేదు

నీలిపెన్సిల్:
బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్‌లో చేస్తున్నాను, 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఆడుకునే గేమ్. పైనుంచి చూసే వ్యూ, యారో కీలతో నడపాలి. ఆటగాడి కారు వేగం 5.7 దాటదు. పోలీసు కారుకు ఫరెవర్ లూప్‌లో (ఆగకుండా మళ్లీ మళ్లీ నడిచే బ్లాకులో) ‘పాయింట్ టువర్డ్స్’, ‘మూవ్’ పెట్టాను. మూవ్ 6 ఇస్తే ఎన్ని మెలికలు తిప్పినా వదలదు, 5 ఇస్తే ఎప్పటికీ అందుకోదు. రెండో పోలీసు కారు పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే బండిలా కనిపిస్తున్నాయి. సైరన్ పెట్టాక ఆగి ఆగి కదులుతున్నాయి కూడా.

గేర్‌బాక్స్:
తప్పు వేగంలో లేదండి, మలుపులో ఉంది. ‘పాయింట్ టువర్డ్స్’ ఒక్క ఫ్రేములోనే, అంటే తెర మీద బొమ్మ ఒక్కసారి మారేలోపే, కారు ముక్కును ఆటగాడి వైపు తిప్పేస్తుంది. అలాంటి బండిని ఎవరూ ఏమార్చలేరు. వేగం 6 ఉంచండి, మలుపుకు కళ్లెం వేయండి.

లూప్‌లో ముందు ‘డైరెక్షన్’ను ‘పాతది’ అనే వేరియబుల్‌లో దాచండి. తర్వాత ‘పాయింట్ టువర్డ్స్’. ఇప్పటి డైరెక్షన్‌లోంచి పాతది తీసేస్తే వచ్చేది ‘తేడా’. అది 3 దాటితే 3, -3 కంటే తగ్గితే -3 చేసి, ‘పాయింట్ ఇన్ డైరెక్షన్’కు పాతది + తేడా ఇవ్వండి. ఆ తర్వాతే మూవ్. మధ్యలో వెయిట్ బ్లాక్ పెట్టారో, కారు తల ఆడిస్తున్నట్టు కనిపిస్తుంది.

ఫ్రేముకు 3 డిగ్రీలంటే పూర్తి చుట్టుకు 120 ఫ్రేములు. 120 × 6 = 720 స్టెప్పుల (స్క్రాచ్‌లో దూరం కొలత) చుట్టుకొలత, వ్యాసార్ధం దాదాపు 115. ఆటగాడికి 5 డిగ్రీలిస్తే వ్యాసార్ధం 65. తప్పించుకునే సందంతా ఈ 50 స్టెప్పుల్లోనే ఉంది.

ఒక చిక్కుంది. ఆటగాడు ఒకేచోట గిరగిరా తిరిగితే పోలీసు బయట చక్కర్లు కొడుతూ ఉండిపోతాడు. తేడాను 3కి కత్తిరించక ముందు అది 60 దాటినా, -60 కంటే తగ్గినా మూవ్ 3 ఇవ్వండి. వ్యాసార్ధం 57కి దిగుతుంది, ఆ ఎత్తు ఇక పారదు.

నీలిపెన్సిల్:
బాగా పనిచేస్తోంది. కానీ ఆటగాడు కిందికి పోతున్నప్పుడు మాత్రం పోలీసు కారు ఒక్కోసారి అటు వైపు నుంచి పూర్తిగా చుట్టు తిరిగి వస్తోంది.

గేర్‌బాక్స్:
అది నేను ముందే చెప్పాల్సింది. స్క్రాచ్‌లో కింది దిక్కు దగ్గర 180, -180 కలుస్తాయి. పాతది 178, కొత్తది -178 అనుకోండి. తిరగాల్సింది 4 డిగ్రీలే, తేడా మాత్రం -356 వస్తుంది. కత్తిరించే ముందు తేడాను ((తేడా + 180) మాడ్ 360) - 180గా మార్చండి (మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం), 4 వచ్చేస్తుంది.

చిన్నస్ప్రైట్:
సైరన్ సంగతి చిన్నదే. ‘ప్లే సౌండ్ అంటిల్ డన్’ పోలీసును నడిపే లూప్‌లోనే ఉండుంటుంది. మోత అయ్యేదాకా మూవ్ ఆగిపోతుంది. వేరే ఫరెవర్‌లోకి మార్చండి.

రెండు కార్లూ ఒకే గురి చూస్తే కలిసిపోక తప్పదు. కనిపించని స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) ఒకటి చేసి ఆటగాడికి 90 స్టెప్పుల ముందు ఉంచండి: ఆటగాడి ఎక్స్‌కు 90 × అతని డైరెక్షన్ సైన్, వైకి 90 × ఆ డైరెక్షన్ కోస్ కలపాలి. స్క్రాచ్‌లో 0 పైకి, 90 కుడికి కాబట్టి లెక్కల క్లాసులో నేర్చుకున్నదానికి ఇది తలకిందులు. రెండో కారు ఆ స్ప్రైట్‌ను తరిమితే ఒకటి వెనక తగులుతుంది, ఇంకోటి దారికి అడ్డం వస్తుంది. ఆటకు అసలు మజా అక్కడే.

తగలగానే గేమ్ ఓవర్ పెట్టకండి, చిన్నపిల్లలు రెండో ఆట ఆడరు. 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌లో పోలీసుల దగ్గర బండి ఆగిపోతే ఒక పట్టీ నిండుతుంది, అది నిండితేనే అరెస్టు. అదే ఇక్కడా పెట్టొచ్చు: దూరం 40 లోపు, ఆటగాడి వేగం 1.5 లోపు ఉంటే ఫ్రేముకు 1 కలపండి, లేకపోతే 2 తీసేయండి, 0 దిగువకు పోనివ్వకండి. 60కి చేరితే అరెస్టు. స్క్రాచ్ సెకనుకు 30 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి అది 2 సెకన్లు. ఎనిమిదేళ్ల వాళ్లకు 120 పెట్టి, ఒక్క పోలీసు కారే ఉంచి, దాని వేగం 4.5కి దించండి. పెద్ద పిల్లలకు పైన చెప్పిన అంకెలు సరిపోతాయి.