విపత్తు తర్వాత కుటుంబానికి ఇవ్వాల్సింది సరుకులా, డబ్బా?

వానచినుకు:
వరదో భూకంపమో వస్తే బియ్యం, బట్టలు, దుప్పట్లు పంపడం అందరికీ అలవాటు. ఇప్పుడేమో చాలా సహాయ సంస్థలు నేరుగా డబ్బే చేతికిస్తున్నాయి. నాకు భయమేస్తోంది. ఆ డబ్బు తాగుడుకు పోతే? పాత అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే? బియ్యం బస్తా అయితే కనీసం పిల్లల కడుపులోకి వెళ్తుంది కదా.

గట్టుమీద:
వానచినుకు గారూ, బస్తా విషయంలో కూడా ఆ భరోసా లేదండి. అక్కర్లేని సరుకు చేతికొస్తే జనం సగం ధరకు అమ్మేసి కావలసింది కొనుక్కుంటారు. ఇల్లు మునిగిన ఒక తల్లి సంగతి చూడండి. ఇప్పటికే రెండు దుప్పట్లు అందాయి, మూడోది కూడా ఇస్తారు. ఆమెకు కావలసింది మాత్రం అత్తగారి బీపీ మాత్రలు, బురద పట్టి ఆగిపోయిన కుట్టుమిషన్ రిపేరు. మిషన్ తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇది బయట కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?

2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచే ప్రాంతానికి దాదాపు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. చాలావాటి మీద రాసింది అక్కడివాళ్లకు అర్థంకాని భాష. వాటిని వదిలించుకోవడమే పెద్ద పనైంది.

2020 జులైలో బంగ్లాదేశ్‌లో దీనికి భిన్నంగా చేశారు. జమునా నది పొంగబోతోందని అంచనా రాగానే, వరద ముదరకముందే ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం 23 వేలకు పైగా కుటుంబాలకు ఇంటికి 4,500 టాకాలు మొబైల్‌కి పంపింది. ఆ డబ్బుతో తిండి కొనుక్కున్నారు, పశువులను గట్టుకు చేర్చుకున్నారు. తాగుడు సంగతంటారా, చాలా దేశాల్లో నగదు సాయం మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసినా దానివల్ల మద్యం ఖర్చు పెరిగిన దాఖలా దొరకలేదు.

తెల్లకాగితం:
గట్టుమీద గారి మాటతో ఏకీభవిస్తాను, కానీ మొదటి వారం సంగతి వేరు. దుకాణాలే కూలిపోయిన చోట నోట్లు పెట్టి ఏం కొంటారు? అప్పుడు టార్పాలిన్, నీళ్లు, వండిన అన్నమే కావాలి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలని సహాయ సంస్థలు లెక్క వేసుకుంటాయి. అది ట్యాంకర్ వస్తేనే తీరే అవసరం.

నా అసలు బాధ మరొకటి. సరుకైనా డబ్బైనా, జాబితాలో పేరు లేనివాళ్ల మాటేమిటి? 2015 భూకంపం తర్వాత నేపాల్‌లో ఇల్లు కట్టుకోవడానికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చారు. మొదట 50 వేలు, ఇంజనీరు వచ్చి చూశాక తర్వాతి విడత. పద్ధతి మంచిదే. కానీ భూమి కాగితం లేనివాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. విడతకూ విడతకూ మధ్య అప్పు చేసినవాళ్లున్నారు. ఎక్కడైనా ఇదే టెన్షన్: అద్దెకున్నవాళ్లు, భర్త పేరు మీదే అన్నీ ఉన్న ఒంటరి ఆడవాళ్లు వెనకపడిపోతారు. కాగితాలు కూడా వరదలోనే కొట్టుకుపోయాయి కదండీ!

వానచినుకు:
తాగుడు గురించి నేను తొందరపడి అన్నాను, ఒప్పుకుంటున్నాను. అప్పులవాడి భయం మాత్రం ఇంకా పోలేదు. తెల్లకాగితం గారూ, కాగితం లేని మనిషిని ఊరివాళ్లంతా కూర్చుని "ఈమె ఇక్కడే ఉండేది" అని సాక్ష్యం చెబితే సరిపోయేలా చేయొచ్చా?

తెల్లకాగితం:
చేయొచ్చండి, అలా చేసిన చోట్లున్నాయి. అయితే జాబితాను అందరి ముందు చదివి, గోడ మీద అంటించి, అభ్యంతరం చెప్పుకోవడానికి గడువివ్వాలి. లేకపోతే ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లే మిగులుతాయి.