అప్‌డేట్: .44 మాగ్నమ్ గురి కుదిరింది

నా .44 మాగ్నమ్ వేట రివాల్వర్‌కి సొంతంగా నింపుకున్న తూటాలు టార్గెట్ మీద చెదిరిపోతున్నాయని అడిగాను కదా, దాని సంగతి. అయిదు పేల్చి, ఆరోది తీసి కాలిపర్‌తో కొలవమన్నవాళ్లకి థ్యాంక్స్. పేల్చని ఆ తూటా పొడవు పెరిగి ఉంది! తుపాకీ వెనక్కి తన్నే రీకాయిల్ కుదుపుకి, తూటా కొసనుండే బుల్లెట్ దాన్ని పట్టి ఉంచే లోహపు గొట్టం (కేసు)లోంచి ముందుకు జరుగుతోందన్నమాట. ఇంకాస్త జరిగితే తూటాలుండే సిలిండరే తిరగదు. కేసులన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేసి, అంచును బుల్లెట్ గాడిలోకి మడిచేలా గట్టిగా రోల్ క్రింప్ వేశాక జరగడం ఆగింది, టార్గెట్ మీద గుళ్లు పడే చోట్లు (గ్రూప్) దగ్గరపడ్డాయి. తుపాకీ మందు మాత్రం రీలోడింగ్ మాన్యువల్‌లో మొదలుపెట్టమని ఇచ్చిన తక్కువ మోతాదు (స్టార్టింగ్ లోడ్) నుంచి కొద్దికొద్దిగా పెంచాను. మాక్సిమమ్‌కి ముందే గురి బాగా కుదిరింది, అక్కడే ఆపేశాను. ఇంకాస్త వేగం కోసం చెయ్యి నొప్పి పెట్టుకోవడం నాకైతే దండగ.