ఉగాది: గుడి హాలు ఇవ్వం అన్నారు, రాత్రి 9లోపు తేల్చాలి

రాజమండ్రి అక్క, 6:10
పనుల పట్టిక పక్కన పెట్టండి. గుడి కమిటీ నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది. పిల్లల వీరేశలింగం నాటిక ఆచారానికి విరుద్ధమట. అది తీసేస్తేనే శనివారం హాలు ఇస్తారట.

పెదబాబు, 6:22
1881లో జరిగిన వితంతు వివాహాన్ని ఇప్పుడు, ఈ పరాయి దేశంలో కూర్చుని అడ్డుకుంటారా? ఎక్కడికెళ్ళినా మతం ఇంతే, మనిషిని ముందుకు పోనివ్వదు.

తిరుపతి వదిన, 6:31
ఆ మాట వెనక్కి తీసుకో బాబూ. తాళ్ళపాక వారి రాగిరేకులు గుడిలో ఉండబట్టే అన్నమయ్య పాట మనకు మిగిలింది. మా పాపకు ఆ కీర్తనలు ఇక్కడి గుడిలోనే పైసా తీసుకోకుండా నేర్పుతున్నారు.

పెదబాబు, 6:34
దాచారు సరే వదినా. వందల ఏళ్ళు ఎవరైనా తీసి చదివారా?

తిరుపతి వదిన, 6:36
దాచినవాళ్ళనీ మరిచినవాళ్ళనీ ఒకే గాటన కట్టకు.

మాస్టారు, 6:58
ఇద్దరూ కాస్త ఆగండమ్మా. వీరేశలింగం పంతులుగారు శాస్త్రాన్ని వదల్లేదు, పరాశర స్మృతి చూపించే వాదించారు. డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆ పెళ్ళి శాస్త్రోక్తంగానే చేయించారు. వెలి వేసినవాళ్ళూ శాస్త్రం పేరే చెప్పారు. అందుకే ఈ నాటిక గుడిలోనే ఆడాలని నా ఆశ. వంటవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివంట చేశారు. ఆ వేషం వేసే మూడో తరగతి పిల్ల బిందె చంకన నిలవక వారం నుంచి అవస్థ పడి, నిన్ననే చుక్క ఒలకకుండా స్టేజీ దాటింది. ఆ పిల్లకు వద్దని నేను చెప్పలేను.

రాజమండ్రి అక్క, 7:40
మళ్ళీ మాట్లాడాను. పెద్దాయనకు ఇష్టమే, ఇద్దరు సభ్యులు పడనివ్వట్లేదు. నాటిక ఉంటుంది. హాలు వదిలేశాను.

చిన్నోడు, 8:15
మా వాడి స్కూల్ కెఫెటీరియా దొరికింది, 3 నుంచి 7 దాకా. పొయ్యి మాత్రం వెలిగించకూడదట. అద్దె నేను కట్టేశా, తర్వాత చూసుకుందాం.

తిరుపతి వదిన, 8:21
అయితే గుడి పులిహోర లేనట్టే. అరవై మందికి ఇంట్లో నేను కలుపుతా. పెద్ద బేసిన్ ఎవరి దగ్గరుంది? పెదబాబూ, చింతపండు కిలో తే.

పెదబాబు, 8:24
రేపు పొద్దున్నే తెస్తా వదినా. ఇందాక నోరు జారాను, ఏమనుకోకండి. ముందు మీ పాప కీర్తన, వెంటనే నాటిక పెడదాం.

మాస్టారు, 8:30
బిందె గుడి స్టోర్‌రూమ్‌లో ఉండిపోయింది. వాళ్ళదే.

తిరుపతి వదిన, 8:33
పొద్దున అభిషేకానికి వెళ్తున్నా. నేనడిగి తెస్తాను.