మన హైస్కూల్ వికీ వ్యాసంలో మూలం లేని సంగతులు ఉంచాలా, తీసేయాలా?

మన్నేరు గట్టు:
కందుకూరు వైపున్న మన జడ్పీ హైస్కూల్ మీద పాత బ్యాచ్‌ల వాళ్లం తలా ఒక చెయ్యి వేసి తెలుగు వికీపీడియాలో వ్యాసం రాశాం. మూలాలు లేవని ఒకరు చరిత్ర భాగం తీసేశారు. ఇంకొకరు తిరిగి పెట్టారు. మళ్లీ తీసేశారు. బడికి స్థలం ఇచ్చిన రైతుల సంగతి, గాలివానకు రేకులు లేచిపోతే అయ్యవార్లు వేపచెట్టు కింద పాఠాలు చెప్పిన సంగతి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అచ్చులో లేనంత మాత్రాన అవి జరగనట్టేనా? పక్కన 'మూలం కావాలి' అని గుర్తు పెట్టి ఉంచాలన్నది నా వాదన.

బ్యారన్ పక్కిల్లు:
తీసేసింది నేనే అన్నా. ఊరి మీద ప్రేమ లేక కాదు. మొదటి వాక్యమే చూడండి: "1952లో జిల్లా పరిషత్ ఈ హైస్కూల్‌ను స్థాపించింది." జిల్లా పరిషత్‌లు వచ్చిందే 1959లో. అంతకుముందు ఇవి జిల్లా బోర్డు హైస్కూళ్లు. మా తాత ఇప్పటికీ 'బోర్డు స్కూల్' అనే అంటాడు. మరి 1952 ఎక్కడిదంటే, వరండాలో ఉన్న శిలాఫలకం మీదిది. అక్షరాల్లోకి సున్నం దిగిపోయి పైవరుస కనపడదు. తడిగుడ్డ పెట్టి రుద్దితే "తరగతి గదుల ప్రారంభం" అని తేలింది. అది గదులు కట్టిన ఏడాది, బడి పెట్టిన ఏడాది కాదు. రేపు ఏ విలేకరో వికీ చూసి పేపర్లో 1952 అని రాస్తే, ఆ పేపర్నే మనవాళ్లు తెచ్చి మూలంగా చూపిస్తారు. ఇక ఆ తప్పును ఎవరూ కదిలించలేరు.

కనిగిరి రోడ్డు:
జిల్లా గొడవ కూడా తేల్చండి. ఒకరు ప్రకాశం అని, ఇంకొకరు నెల్లూరు అని మారుస్తూనే ఉన్నారు. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇవన్నీ తేదీలతో రాసి, ప్రభుత్వ ఉత్తర్వులు చూపిస్తే సరి. ఆ తర్వాత జిల్లా ఎప్పుడు మారినా ఇంకో తేదీ కలిపితే చాలు.

మన్నేరు గట్టు:
జిల్లా సంగతి నేనే రాస్తా. కానీ స్థలం ఇచ్చినవాళ్ల మాటేంటి? మన బడి గురించి పేపర్లో వచ్చేది టెన్త్ ఫలితాలప్పుడే. 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, వాటినే వికీ వ్యాసాలకు మూలాలుగా చూపించే ప్రయోగం జరిగింది. మనమెందుకు చేయకూడదు?

బ్యారన్ పక్కిల్లు:
ప్రయోగం మంచిదే, నియమంగా మాత్రం మారలేదు. నా టెన్షన్ ఇంకోటి. హైస్కూల్ అయితే చాలు వ్యాసం ఉండొచ్చన్న పాత అలవాటును ఇంగ్లీష్ వికీలో 2017 చర్చ తర్వాత ఒప్పుకోవడం లేదు. అదే వాదన ఇక్కడ ఎవరైనా ఎత్తితే మొత్తం వ్యాసమే తొలగింపు చర్చకు పోతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీయండి, పెద్దవాళ్లతో మాట్లాడించండి, పూర్వ విద్యార్థుల సావనీర్‌లో అంతా అచ్చు వేయించండి. అప్పుడు "సావనీర్ ప్రకారం" అని రాసుకోవచ్చు. అప్పటిదాకా ఆ పేరాలు వ్యాసానికి జోడుగా ఉండే చర్చ పేజీలో భద్రంగా ఉంటాయి.

మన్నేరు గట్టు:
చర్చ పేజీ ఎవరు చదువుతారు తమ్ముడూ? బడి పిల్లలు చూసేది వ్యాసాన్నే. సావనీర్ వేయిద్దాం, ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. 1952 తీసేయ్, నాకేం అభ్యంతరం లేదు. స్థలదాతల వాక్యం ఒక్కటి మాత్రం, పేర్లు లేకుండా, 'మూలం కావాలి' గుర్తుతోనే వ్యాసంలో ఉండాలి. దాన్ని మళ్లీ తీస్తే తెలుగు వికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెడతా.