బయటివాళ్ళు తెడ్డు వేసి గెలిస్తే అది ఊరి గెలుపేనా? కేరళ వల్లంకళి (పడవ పందాలు) మీద చర్చ

గోదారి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. మా కోనసీమలో ఆత్రేయపురం కాలువ మీద ఈమధ్య సంక్రాంతికి సర్ ఆర్థర్ కాటన్ పేరుతో పడవ పందాలు పెడుతున్నారు. వాటిని ఇంకా ఎలా పెంచాలన్న మాట వస్తే చాలు, ప్రతివాళ్ళూ "కేరళని చూసి నేర్చుకోండి" అంటున్నారు. సరే, చూద్దాం. అక్కడి అలప్పుళలో పున్నమడ సరస్సు మీద 2025 ఆగస్టు 30న నెహ్రూ ట్రోఫీ పడవ పందెం అయ్యాక పెద్ద గొడవే నడిచింది. ఒక పడవలో తెడ్డు వేసేవాళ్ళలో వేరే రాష్ట్రాలవాళ్ళు 25 శాతం మించకూడదని నిబంధన. అది దాటారని ఫిర్యాదులు వెళ్ళాయి. అసలు ఆ 25 శాతం మాత్రం ఎందుకన్నదే నా ప్రశ్న. పడవకి ఊరి పేరు. గట్టు మీద ఊరంతా గొంతు చించుకుని అరుస్తుంది. లోపల తెడ్డు వేసేది కూలికి వచ్చిన కుర్రాళ్ళు. దీన్ని ఊరి పండగ అని ఎలా అంటాం? తెలిసినవాళ్ళు చెప్పండి.

పంపాతీరం:
మీ మాటే నా మాటండి. ఏటా మాల వేసుకుని శబరిమల వెళ్తాను కాబట్టి ఆరన్ముల పార్థసారథి గుడి నాకు బాగా తెలుసు. మండల పూజకి అయ్యప్పకి అలంకరించే తంగ అంగి (బంగారు అంగీ) ఊరేగింపు బయల్దేరేది అక్కడినుంచే. ఓణం వెళ్ళిన కొద్ది రోజులకు, ఉత్తరాభాద్ర నక్షత్రం నాడు, పంపానది మీద అక్కడ వల్లంకళి జరుగుతుంది. ఆ పడవల్ని పళ్ళియోడాలంటారు. దేవుడి సొత్తు అని చెప్పులతో ఎక్కరు. చుట్టుపక్కల ఊళ్ళవి మొత్తం 52 ఉన్నాయి. ఓణం వంటకి కావలసిన సరుకులు కాట్టూరు నుంచి రాత్రికి రాత్రి గుడికి పడవ మీద వస్తాయి, పళ్ళియోడాలు దానికి తోడుగా నడుస్తాయి.

ఇక వళ్ళసద్య గురించి చెప్పాలి. మొక్కు ఉన్నవాళ్ళు పళ్ళియోడం వాళ్ళని పిలిచి 64 రకాలతో భోజనం పెడతారు. పంక్తిలో కూర్చున్నవాళ్ళు పప్పడమో పాయసమో మామూలుగా అడగరు, పాట కట్టి అడుగుతారు. పాటలో అడిగింది విస్తట్లో పడాల్సిందే. పెట్టేవాళ్ళు పరుగులు తీస్తుంటారు, తినేవాళ్ళు ఇంకో చరణం ఎత్తుకుంటారు. ఆ పాటలు ఒక్కటీ రాని మనిషిని భుజబలం చూసి తెచ్చి ఆ పంక్తిలో కూర్చోబెడతారా?

నీటి ఆటగాడు:
పెద్దలు ఏమనుకోవద్దు, "కూలికి వచ్చిన కుర్రాళ్ళు" అన్న మాట మనసుకి కష్టంగా ఉంది. నేను కొన్నాళ్ళు కయాకింగ్ ఆడినవాణ్ణి. 2024 నెహ్రూ ట్రోఫీ ఫైనల్ చూడండి. కారిచాల్ చుండన్ (చుండన్ అంటే పాము పడవ) 4 నిమిషాల 29.785 సెకన్లు, వీయపురం 4 నిమిషాల 29.790 సెకన్లు. అంత దూరం తెడ్డు వేశాక తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు. అలా తెడ్డు వేయాలంటే నెలల తరబడి కసరత్తు, తిండి, నిద్ర అన్నీ పద్ధతిగా ఉండాలి. ఇంత చేసినవాడికి డబ్బు ఇస్తే తప్పా? మన దేశంలో కయాకింగ్ ఆడేవాడికి సైన్యం లాంటి సర్వీసెస్‌లో ఉద్యోగం దొరికితే సరే, లేకపోతే ఇల్లు గడవడమే కష్టం.

కబడ్డీ కూడా ఊరి ఆటే కదా. లీగ్ వచ్చాక ఊళ్ళో కుర్రాళ్ళు మానేశారా? కేరళ పర్యాటక శాఖ 2019లో ఛాంపియన్స్ బోట్ లీగ్ మొదలుపెట్టింది. ఆ ఏడు 9 జట్లు, 12 పందాలు. ఏడాదికోసారి పతకం, దండ ఇచ్చి పంపేసే చోట తెడ్డువాడికి ఒక సీజన్ అంతా పని దొరికింది. నాకైతే అది మంచే.

కుట్టనాడు కోడలు:
మా పుట్టిల్లు పాలకొల్లు. పెళ్ళయి అలప్పుళ జిల్లాకి వచ్చి చాలా ఏళ్ళయింది. మా వరిచేలు సముద్రమట్టానికి కింద ఉంటాయి, మోటార్లు పెట్టి నీళ్ళు తోడితేనే నాట్లు. ఇక్కడ పడవ ఎంత ముఖ్యమో మన గోదావరి లంకలవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఒక సంగతి. ఇక్కడ పడవ వేరు, క్లబ్బు వేరు. నెహ్రూ ట్రోఫీ 2019లో గెలిచింది నడుభాగం చుండన్, 2022లో మహాదేవికాడు కాట్టిల్ తెక్కేతిల్, 2023లో వీయపురం, 2024లో కారిచాల్. నాలుగు పడవలు, నాలుగు ఊళ్ళు. నాలుగింట్లోనూ తెడ్డు వేసింది పళ్ళాత్తురుత్తి బోట్ క్లబ్బే. అంటే పడవ ఉన్న ఊరివాళ్ళే తెడ్డు వేయాలన్న లెక్క వేరే రాష్ట్రాలవాళ్ళతో సంబంధం లేకుండానే పోయింది. మణిపూర్ కుర్రాడిని వద్దని పక్క ఊరి క్లబ్బుని రమ్మంటే ఊరి పండగ తిరిగొచ్చినట్టేనా?

మరి ఊరిది ఏముంది అంటారా? పడవ ఉంది. ఊరందరూ డబ్బు వేసుకుని ఆంజిలి కర్రతో కట్టించుకుంటారు. వంద అడుగులు దాటిన పడవ, వెనక అమరం పాము పడగలా పైకి లేచి ఉంటుంది. పందెం ముందు దానికి పూత పూసేది చూడాలి. పాతకాలం పద్ధతిలో చేపనూనె, కొబ్బరిచిప్ప బొగ్గు, కోడిగుడ్డు కలిపి రుద్దుతారు. ఆ వాసన వీధి వీధంతా పట్టేస్తుంది, చేతులకి సబ్బు పెట్టి కడిగినా పోదు. దించేటప్పుడు కులం, మతం అడిగేవాళ్ళు ఉండరు, చెయ్యి వేయనివాళ్ళనే అడుగుతారు. ఆ తర్వాత శిక్షణ శిబిరం. ఎనభై, తొంభై మందికి రోజూ తిండి పెట్టాలి. ఖర్చు లక్షల్లో. కుర్రాళ్ళు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. ఉన్నవాళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టి ఎన్నాళ్ళు ఉండగలరు? బయటివాళ్ళని పిలిచింది గెలుపు పిచ్చితో మాత్రమే కాదు, పడవ నిండక కూడా.

పంపాతీరం గారూ, మీరు చెప్పిన ఆరన్ముల వేరు, పున్నమడ వేరు. నెహ్రూ ట్రోఫీ గుడి నుంచి పుట్టలేదు. 1952లో నెహ్రూ అలప్పుళ వస్తే ఆయన కోసం పెట్టిన పందెం అది. ఆయన ముచ్చటపడి గెలిచిన నడుభాగం పడవలోకి దూకేశాడు, ఢిల్లీ వెళ్ళాక వెండి ట్రోఫీ పంపాడు. పుట్టుకతోనే అది ఆట. ఇక్కడ గుడితో ముడిపడ్డది కావాలంటే చంపక్కుళంలో మూలా నక్షత్రం నాడు జరిగేది చూడండి. అంబలప్పుళ కృష్ణుడి విగ్రహాన్ని పడవలో తెస్తూ రాత్రికి ఒక క్రైస్తవ కుటుంబం ఇంట్లో ఉంచారని, మర్నాడు జనం పడవలతో వచ్చి వెంట నడిచారని చెప్పుకుంటారు. సీజన్ మొదలయ్యేది దానితోనే.

నా బాధ వేరే. పాట పోయింది. ఒకప్పుడు వంచిపాట్టు (పడవ పాట) మీద తెడ్డు పడేది. ఇప్పుడు పందెంలో పడవ మధ్య నిలబడి కర్రతో పలక మీద దబదబా కొట్టే ఇడి, విజిల్. గుండె అదురుతుంది, కాదనను. కానీ మా మామగారి తరానికి వచ్చిన పాటలు మా పిల్లలకి రావు. ఇంత పెద్ద మార్పు మీద ఒక్క ఫిర్యాదూ లేదు, బయటివాళ్ళ లెక్క మీద మాత్రం రోజుల తరబడి గొడవ.

గోదారి గట్టు:
అక్కా, పడవ ఒకరిది క్లబ్బు ఒకరిది అన్న సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. అయినా 25 శాతం నిబంధన ఎందుకు పెట్టినట్టు? పెట్టి దాన్ని పట్టించుకోకపోతే ఎలా?

కుట్టనాడు కోడలు:
ఉండాలి తమ్ముడూ, నేను తీసేయమనలేదు. పందెం అయ్యాక వీడియోలు చూసి ఎవరెవరో వెతకడం కాదు. పడవ ఎక్కేముందు ఒడ్డునే గుర్తింపు కార్డులు చూసి లెక్కపెట్టాలి. ఎక్కువున్నవాళ్ళని దించేసి పందెం మొదలుపెట్టాలి. మిగతా డెబ్బై ఐదు శాతం మంది ఎక్కణ్ణుంచి రావాలంటే, లీగ్ మీద వచ్చే ఆదాయంలో కొంత ఊరి శిబిరాలకే ఇవ్వాలి. అన్నట్టు, ఆడవాళ్ళకి తెక్కనోడి పడవల పందాలున్నాయి, వాటి గురించి ఎవరూ ఇంతసేపు మాట్లాడరు. డబ్బు పెడితే ముందు అక్కడ పెట్టమంటాను.

నీటి ఆటగాడు:
ఒడ్డున లెక్కపెట్టడం సరైన పని. ఆటగాళ్ళకీ అదే మేలు. అంత కష్టపడి గెలిచాక ఫిర్యాదు వల్ల ట్రోఫీ ఆగిపోతుందేమో అన్న టెన్షన్ ఉండదు. కానీ గోదారి గట్టు గారూ, మీ ఆత్రేయపురంలో మొదట్లోనే బయటివాళ్ళకి తలుపు మూసేస్తే మీ పిల్లలకి తెడ్డు పట్టుకోవడం ఎవరు నేర్పుతారు? బలం ఉంటే చాలదు, తెడ్డు నీళ్ళలోకి ఎక్కడ దిగాలి, ఎప్పుడు పైకి రావాలి అన్నది ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి.

గోదారి గట్టు:
నేర్పడానికి రానీండి, సంతోషంగా పిలుస్తాం. పందెం రోజు మాత్రం పడవలో మా లంకల పిల్లలే ఉండాలి. ఓడిపోతే ఓడిపోతారు. ఆ మాట మా ఊరి కమిటీలో గట్టిగానే అడుగుతాను.

పంపాతీరం:
నెహ్రూ ట్రోఫీ ఆట అన్నారు, ఒప్పుకుంటున్నాను. దాని శాతాలు దానికి పెట్టుకోండి. ఆరన్ములలోనూ గెలిచిన పడవకి మన్నం ట్రోఫీ ఉంది, అక్కడా ఎవరు ముందొచ్చారన్న పట్టుదలలు పెరుగుతున్నాయి, అదే నా భయం. అక్కడ ఈ శాతాల మాటే రాకూడదు. పాట వచ్చినవాడు ఎక్కాలి, రానివాడు నేర్చుకుని వచ్చే ఏడు ఎక్కాలి. కోడలు గారూ, మీ మామగారికి వచ్చిన పాటలు ఎవరైనా రికార్డు చేశారా? చేయకపోతే ఈ ఓణం సెలవుల్లోనే చేయించండి.