అప్‌డేట్: అత్తమామలతో వార్విక్ కోటకి వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు, నాలుగేళ్ల పిల్లాడు, వీళ్లతో ఇంగ్లండ్‌లోని వార్విక్ కాజిల్‌కి వెళ్తే గిట్టుబాటవుతుందా అని అడిగాను కదా. శుభ్రంగా అయింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మీరన్నట్టే ముందు డేగలూ గద్దల షోకే వెళ్లాం. కాస్త ముందే వెళ్లి గడ్డి మీద దుప్పటి పరుచుకుంటే హాయి. ఒక పక్షి మా నెత్తి మీదుగా ఎంత కిందనుంచి దూసుకుపోయిందంటే, రెక్కల గాలి మొహానికి తగిలింది. అత్తయ్యగారు చటుక్కున కొంగు తలమీదకి లాక్కున్నారు. మావాడేమో "నానమ్మా, దాన్ని మళ్లీ పిలువు!" అని ఒకటే గోల.

గైస్ టవర్ మాత్రం పెద్దవాళ్లకి వద్దు. 14వ శతాబ్దపు బురుజు, 39 మీటర్ల ఎత్తు, అన్నీ ఇరుకు మెలిక మెట్లే. మావయ్యగారు చూసి, "దీనికన్నా మన గోల్కొండే నయమమ్మా" అని కిందే ఆగిపోయారు. నెమళ్ల తోటలో ఇద్దరూ కూర్చుని పులిహోర కానిచ్చారు (నాకు మిగల్లేదు). గ్రేట్ హాల్లో గుర్రానికి తొడిగిన ఇనుప కవచం దగ్గర్నుంచి పిల్లాణ్ని కదపడం మా వల్ల కాలేదు.

డంజన్‌కి (నేలమాళిగ చెరసాల) టికెట్ వేరే. భయపెట్టే షో, చిన్నపిల్లలుంటే వదిలేయండి.